అరటిపండు ఎవరు?

కూతురు గెలిస్తే తల్లి ముఖం మాడిపోవడం ఎక్కడైనా ఉంటుందా అంటే, ఆ సాయంత్రం హైమావతి ఇంట్లో ఉంది. టీవీలో కంప్యూటర్ ఆటల పోటీ సెమీఫైనల్ అప్పుడే ముగిసింది. కూతురు కౌముది నడిపిన రేవు సేన ఎదుటి కుర్రాడి కొండ సేనను వెంట్రుకవాసిలో ఓడించింది. ఆమె పడవలు శత్రువు కోట వెనక దిగేసరికి సొంత శిబిరంలో ఒకే ఒక్క ఫిరంగి మిగిలింది, అదీ సగం కాలిపోయి. పోటీ హాల్లో జనం కుర్చీలెక్కి అరుస్తున్నారు. వ్యాఖ్యాతకు గొంతు బొంగురుపోయింది. హైమావతి మొగుడు సింహాచలం, పోర్టులో ఓడల్ని లాగే టగ్గు బోటు నడిపే మనిషి. సోఫాలోంచి ఒక్క గెంతు గెంతి బోటు కూతలాంటి ఈల వేశాడు.

"చూసేవా హైమా! మన అమ్మలు ఎలా కొట్టిందో చూసేవా! ఆడి కొంపలోకే పడవలు దించీసింది!"

"చూశాను," అంది హైమావతి, లేచి వంటింట్లోకి పోయింది.

అక్కడ చేసే పనేమీ లేదు. ఊరికే గిన్నెలు అటూ ఇటూ సర్దింది. క్వార్టర్ ఫైనల్లోనూ ఇదే తంతు. అంతకు ముందు మ్యాచ్‌లోనూ ఇదే తంతు. ప్రతిసారీ ఇక ఓడిపోయిందనుకునేలోపు గెలుపు, ప్రతిసారీ ఆఖరి క్షణం. చూసేవాళ్లకు అది సరదా. హైమావతికి మాత్రం అది పక్కగదిలోకి కూడా కొట్టే మాడు వాసన. ఆ వాసన ఆమె పట్టగలదు, ఎందుకంటే ఆ వంట వండినవాళ్లలో తనూ ఒకతె.

మధురవాడలో పగడం గేమ్స్ అనే కంపెనీలో హైమావతి తూకం విభాగానికి పెద్ద. ‘ఉప్పుగాలి’ అనే యుద్ధపు ఆట వాళ్లదే. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పుమడుల కోసం రెండు పక్షాలు కొట్టుకుంటాయి. రేవు పక్షానికి పడవలూ ఫిరంగులూ ఉంటాయి. బలం జాస్తి, కదలిక నిదానం. కొండ పక్షానికి తుపాకీ దళాలు, సొరంగాలు తవ్వేవాళ్లు. దెబ్బ చిన్నది, కాలు చురుకు. ఏదో ఒక పక్షమే పదేపదే గెలుస్తోందంటే హైమావతి దాని దూకుడు కాస్త తగ్గిస్తుంది. ఫిరంగి గుండు పడే దూరం కుదిస్తుంది, లేదా సొరంగం దారిలో రాయిని గట్టిపరుస్తుంది. వారం తిరిగేసరికి మా పక్షానికి అన్యాయం చేశారంటూ అభిమానులు ఆమెను తిట్టిపోస్తారు. రెండువైపుల నుంచీ తిట్లు సమానంగా పడితే తూకం కుదిరినట్టు ఆమె లెక్క.

అయితే పక్షాలకు తూకం కుదిరితే చాలదు, ఆడే మనుషులకు కూడా కుదరాలి. వరసగా ఓడిన మనిషి ఆట మూసేసి పోతాడు, మళ్లీ ఆ ఛాయలకు రాడు. దీనికి మందు కనిపెట్టినవాడు ఇమ్మానుయేలు. ఆమె కింద పనిచేసే కుర్ర ఇంజనీరు, నోట్లో నాలుక లేనివాడు. ఈ ఆటలో సేనాపతి ఆజ్ఞ ఇవ్వగానే దళం కదలదు; పరుగువాడొకడు ఆ మాట మోసుకెళ్లి అందించాలి. ఇమ్మానుయేలు తయారు చేసిన యంత్రబుద్ధి ఆడేవాళ్ల చేతిని కనిపెడుతుంది. మౌస్ ఎక్కడ తడబడింది, ఒకేసారి ఎన్ని దళాల మీద ధ్యాస నిలుస్తోంది, కంగారు పడితే వేలు ఎలా బిగుస్తోంది, అన్నీ చూసి ఇద్దరిలో గట్టివారెవరో పసిగడుతుంది. ఇక అక్కణ్ణుంచి గట్టివారి పరుగువాడు రెప్పపాటు ఆలస్యంగా చేరతాడు, రెండోవారి పరుగువాడు రెప్పపాటు ముందే చేరతాడు. ఆడేవాళ్లకు చీమ కుట్టినట్టైనా ఉండదు.

మొదటి పరీక్షకు ఇమ్మానుయేలు తన అత్తగారు మేరీ రత్నమ్మను తీసుకొచ్చాడు. ఆవిడ జన్మలో మౌస్ ముట్టుకోలేదు. ఆఫీసులో అందరికన్నా బాగా ఆడేవాణ్ణి ఆవిడ ఎదుట కూర్చోబెట్టారు. ఆట అయ్యేసరికి వాడు చెమటలు కక్కుతూ బయటికొచ్చి, "ఆవిడెవరండీ బాబూ, ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. లోపల మేరీ రత్నమ్మ కుర్చీ దిగనంటోంది. "ఇంకొక్క పాలి ఆడతాను బాబూ, ఈసారి వాణ్ణి వదల్ను," అంటోంది. హైమావతి పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. దాగుడుమూతల్లో చిన్నపిల్లల్ని చేర్చుకుని, పట్టుబడినా అవుటు కానట్టు వదిలేస్తామే, ఆ పిల్లలకేమో తామూ ఆడుతున్నామనే నమ్మకం. ఆటలో అరటిపండు అంటే అదే. "దీని పేరు అరటిపండు అని పెట్టవయ్యా," అంది. అదే పేరు ఖాయమైంది.

ఒక్క షరతు మాత్రం హైమావతే పెట్టింది. ఎవరికి సాయం చేసిందో ఆ యంత్రం ఎక్కడా రాసి పెట్టుకోకూడదు. ఎంత బరువు వేసిందో ఒక గీత చూపిస్తే చాలు, ఎటువైపు వేసిందో ఎప్పటికీ ఎవరికీ తెలియకూడదు. తెలిసిందా, ఆ మనిషి మళ్లీ జన్మలో ఆడడు. పోటీల్లో ఈ యంత్రాన్ని కట్టేసి ఉంచుతామని కంపెనీ అందరి ముందూ మాటిచ్చింది. ఆ మాట ఉందనే కౌముదిని పోటీకి రానిచ్చారు. తల్లి కంపెనీలోనే పనిచేస్తోంది కాబట్టి, పోటీ యంత్రాలున్న గది గడప హైమావతి తొక్కకూడదని మరో నిబంధన పెట్టారు. ఈ పోటీలో గెలిచినవాళ్లు దేశం జట్టుకు నాయకులవుతారు. కౌముది కాలేజీ వదిలిపెట్టి రెండేళ్లుగా దానికోసమే తపస్సు చేస్తోంది.

ఆ సాయంత్రం కౌముది పూలగుత్తితో ఇంటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. సింహాచలం తెచ్చిన కోనాం చేపల పులుసు కలుపుకుంటూ చేతులు తిప్పుతూ కథంతా చెప్పింది. వంటవాళ్ల బళ్లను ఏటిగట్టు మీద నిలబెట్టి పొయ్యిలు రాజేయించిందట. ఆ పొగ చూసి అక్కడే అసలు సేన ఉందనుకుని కొండవాళ్లు దిగారట. వాళ్లు దిగగానే సముద్రపు పోటుతోపాటు పడవల్ని వెనకవైపుకు తోలిందట.

"పడవలకు మాట సరిగ్గా సమయానికే అందింది కదా," అంది హైమావతి.

"అందింది కానీ చచ్చానమ్మా. ఇంకొంచెం ఆలస్యమైతే అయిపోయేదాన్ని."

"ప్రతిసారీ అలాగే అందుతోంది."

కౌముది తినడం ఆపి తల్లి వైపు చూసింది. "ఏంటమ్మా, అదోలా ఉన్నావు?"

"ఏం లేదు. ఇంటికి ఎవరు దింపారు?"

"ఇమ్మానుయేలు అన్నయ్య. వాన పడుతుంటే కార్లో దింపాడు."

ఆ యంత్రం చేసినవాడి కార్లోనా అనుకుంది హైమావతి. పైకి మజ్జిగ వడ్డించింది. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. దారిలో ఏం మాట్లాడుకున్నారు, ఫోను నంబరు ఎప్పుడు తీసుకున్నావు, ఆట గురించి అడిగాడా అంటూ పోలీసులా కూపీ లాగింది. కౌముది ముఖంలో వెలుగు ఒక్కొక్క ప్రశ్నకూ కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. చివరికి తలనొప్పిగా ఉందని లేచి గదిలోకి వెళ్లిపోయింది.

"ఏటే హైమా, గెలిచొచ్చిన పిల్లని దొంగని చూసినట్టు చూస్తన్నావు?" అన్నాడు సింహాచలం. "అది నిజంగానే బాగా ఆడతందేమో అని ఒక్కపాలైనా అనుకున్నావేటి?"

హైమావతి అనుకోలేదు, అదే నిజం. కౌముదికి ఐదేళ్లప్పుడు గచ్చు మీద సుద్దముక్కతో గీసి పులి–మేక ఆట నేర్పింది తనే. పులులు కౌముదివి, మేకలు తనవి. పిల్ల ఏడుస్తుందని మేకల్ని కావాలనే పులి నోటికి అందించేది. ఆ అలవాటు చాలా ఏళ్లు సాగింది. కూతురి గెలుపంటే ఎవరో ఇచ్చినదే అని మనసులో ఎక్కడో పాతుకుపోయింది. అది తప్పని ఆమెకు ఎన్నడూ తోచలేదు, ఎందుకంటే అది ప్రేమే అనుకుంది.

మర్నాడు ఆఫీసులో సెమీఫైనల్ ఆట తెరిచి చూసింది. సిబ్బందికి మాత్రమే కనిపించే బరువు గీత తెర మూలన ఉంటుంది. అది అట్టడుగున పడుకుని ఉండాలి. కానీ పైకి తన్నుకొచ్చి ఉంది. మేరీ రత్నమ్మగారి ఆటలో కూడా ఇంత బరువు పడలేదు.

ఇమ్మానుయేలును పిలిచి తెర చూపించింది. వాడి ముఖం పాలిపోయింది.

"అక్కా, ఒట్టు. నేను ముట్టుకోలేదు. పోటీకి ముందు నేనే కట్టేశాను, ఎవరో మళ్లీ తెరిచారు."

"నువ్వు కాక ఎవరు తెరుస్తారు? మా అమ్మాయిని నీ కార్లో ఎందుకు ఎక్కించుకున్నావు?"

"వానక్కా!" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో. "అయినా ఎటువైపు బరువు పడిందో మనకు తెలీదు కదక్కా."

"తెలియకపోవడానికేముంది? గెలుస్తున్నది ఎవరో కనిపిస్తూనే ఉందిగా," అని కసిరి పంపించేసింది. వాడు గుమ్మం దగ్గర ఆగి ఏదో చెప్పబోయాడు. ఆమె చూపు చూసి నోరు మూసుకున్నాడు.

వెళ్లి అడిగితే యజమాని నీలాద్రిరావు మాత్రం దాచలేదు. దాచాల్సినంత తప్పుగా ఆయనకు అది కనిపించలేదు.

"నేనే తెరిపించానమ్మా. జనం టిక్కెట్టు కొనుక్కుని వస్తారు. పావుగంటలో ఆట ముగిసిపోతే మిగిలిన టైమంతా నేను స్టేజీ ఎక్కి డాన్సు చెయ్యాలా? ఆఖరిదాకా తేలకూడదు, అప్పుడే మజా. ఫైనల్‌కీ ఇలాగే ఉంటుంది."

"అందరికీ మాటిచ్చాం కదండీ."

"ఎవరికి తెలుస్తుంది? మీరే కదా ఆనవాలు ఉండకూడదన్నారు." ఆయన చల్లగా నవ్వాడు. "అయినా మీ అమ్మాయే గెలుస్తోంది. మీకేమిటమ్మా నష్టం?"

ఆ నవ్వుకు హైమావతికి ఒళ్లంతా గొంగళిపురుగు పాకినట్టైంది. ఈయన తనను కూడా దొంగల్లో కలిపేసుకున్నాడు. పైకి చెబితే కూతురి పేరు బజారున పడుతుంది. చెప్పకపోతే కూతురు దొంగ కిరీటం పెట్టుకుని దేశం తిరుగుతుంది, ఎప్పుడో ఒకనాడు గుట్టు రట్టవుతుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. కౌముదికి చెబుదామని గది తలుపుదాకా రెండుసార్లు వెళ్లింది. లోపల పిల్ల ఏటి పటం ముందేసుకుని, పెదవులు కదుపుతూ ఎత్తులు వేసుకుంటోంది. ఏమని చెబుతుంది? నీ గెలుపులేవీ నీవి కావని చెబుతుందా? పోనీ కూతురికి ఇదంతా ముందే తెలిసుంటే? ఆ ఇమ్మానుయేలుతో కలిసి ఆడుతున్న నాటకమైతే? ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే అసహ్యించుకుంది. అయినా ఆలోచన పోలేదు.

చివరికి తోచిన దారి ఒకటే. ఫైనల్‌కు ముందు ఆ బరువు తనే తీసేస్తుంది. కౌముది ఓడిపోతుంది. నాలుగు రోజులు ఏడుస్తుంది, కానీ ఆ ఓటమైనా తనదే అవుతుంది. ఎవరి పరువూ పోదు. ఎవరికీ ఏమీ తెలియదు.

ఫైనల్ నాడు మధ్యాహ్నం అంతా భోజనాలకు వెళ్లాక హైమావతి వేదిక వెనక్కి నడిచింది. ఇమ్మానుయేలును తోడు తీసుకెళ్లి ఉండొచ్చు, కానీ వాడంటే నమ్మకం లేదు. సింహాచలానికి చెబితే కూతురికి చెప్పేస్తాడని భయం. కౌముది మీదా నమ్మకం లేకపోయింది. అందుకని ఒక్కతే తొక్కకూడని గడప తొక్కి, తన సంకేతపదం కొట్టి, బరువు గీతను అట్టడుగుకు దించి తాళం వేసింది. తలెత్తితే పైన గోడమూల కెమెరా కనిపించింది. అప్పటికి పని అయిపోయింది.

ఫైనల్లో కౌముదికి ఎదురు వరంగల్ కుర్రాడు రాజమల్లు, కొండ పక్షం. ఇద్దరూ చేతులు కలిపి కూర్చున్నారు. హైమావతి వెనక వరసలో సింహాచలం పక్కన కూర్చుని కొంగు నులుముకుంటోంది. కూతురి ఓటమి చూడటానికి గుండె దిటవు చేసుకుంది.

ఆట మొదలైంది. కౌముది ఎప్పటిలాగే వంటవాళ్ల బళ్లను గట్టు మీదికి పంపింది. బళ్లు ఇట్టే చేరిపోయాయి. పొగ లేచింది. రాజమల్లు దళాలు ఆ పొగ వైపు తిరగనైనా లేదు, రేవు పడవలు ఏటి మలుపు దాటేశాయి. కౌముది చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. తను అనుకున్నదానికన్నా ముందే అంతా జరిగిపోతోంది. మరొకరైతే పాత ఎత్తునే పట్టుకుని కూర్చునేవారు. కౌముది అక్కడికక్కడే ఎత్తు మార్చేసింది. ఎర కోసం నిలిపిన వంటవాళ్ల వెనకాలే ఫిరంగుల్ని దించి సొరంగాల నోళ్లు మూయించింది, పడవల్ని నేరుగా కోట కిందికి తోలింది. రాజమల్లు ఇటు కాచుకుంటే అటు దెబ్బ, అటు తిరిగితే ఇటు దెబ్బ. చూస్తుండగానే కొండ మీద రేవు జెండా ఎగిరింది. జనం తెచ్చుకున్న పేలాల పొట్లాలు ఇంకా విప్పనేలేదు.

హాల్లో చప్పట్లు లేవు. ఇన్నాళ్లూ వెంట్రుకవాసి గెలుపులకు అలవాటు పడ్డ జనం ఇదేమిటన్నట్టు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఎవరో గట్టిగానే అన్నారు: "వాళ్లమ్మ ఈ కంపెనీలోనే కదా!"

రాజమల్లు కోపంగా లేచాడు. "సార్, ఇయ్యాల నా పరుగువాళ్లకు ఏమైందో చూడుండ్రి. నేను జెప్పినంక ఎంతసేపటికో పోతున్నరు. ఇన్ని మ్యాచ్‌లు ఆడిన, ఎన్నడన్న ఇట్ల కాలే. నాకు ఏదో మోసం జరిగింది సార్."

ఆ మాట చెవిన పడగానే హైమావతి లెక్క మళ్లీ తిరగేసింది. బరువు తీసేస్తే రాజమల్లు పరుగువాళ్లు నెమ్మదించారు, అతన్ని ఇన్నాళ్లూ యంత్రమే ఎత్తుకొచ్చిందన్నమాట. కౌముది పరుగువాళ్లు చురుకెక్కారు. అంటే ఇన్నాళ్లూ యంత్రం కాళ్లు పట్టి లాగింది తన కూతురినే. ఎదుటివాళ్లందర్నీ భుజాన ఎత్తుకుని నడిపించి, తన కూతురి కాళ్లకు బండరాళ్లు కట్టినా, కౌముది ఆ రాళ్లతోనే అందర్నీ వెంట్రుకవాసిలో గెలుస్తూ వచ్చింది. తూకమే వృత్తిగా బతికిన మనిషి, పళ్లాలు సమంగా నిలిచాయంటే ఎదుటి పళ్లెంలోనూ రాయి ఉండొచ్చని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆమెకు ఒకేసారి పట్టరాని సంతోషం, దాన్ని మించిన సిగ్గు కలిగాయి.

ఈలోగా నీలాద్రిరావు వేదికెక్కాడు. తెర మీద కెమెరా బొమ్మ వేయించాడు. పోటీ గదిలో హైమావతి ఒక్కతే, యంత్రం ముందు వంగి.

"మా పోటీల్లో అరటిపండు ఎప్పుడూ కట్టేసే ఉంటుంది," అన్నాడు ఆయన నొచ్చుకున్న గొంతుతో. "ఈమె లోపలికి వెళ్లి ఇవాళ ఏం చేశారో ఈమే చెప్పాలి."

హాలు భగ్గుమంది. హైమావతి జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కి మైకు పట్టుకుంది. నీలాద్రిరావు చేసింది, తను చేసింది, ఏదీ దాచకుండా చెప్పింది. బరువు ఇన్నాళ్లూ కౌముది మీదే ఉందని చెప్పింది. జనం గొల్లున నవ్వారు. తల్లి కాకపోతే ఇంకెవరు చెబుతారమ్మా అని వెనకనుంచి ఎవడో అరిచాడు. ఇమ్మానుయేలు కూడా వేదిక ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆమె వాడి వైపు తిరిగింది.

"చెప్పవయ్యా! బరువు ఎటువైపు పడిందో చెప్పు!"

"ఎలా చెప్పనక్కా?" అన్నాడు వాడు దీనంగా. "ఎంత పడిందో చూపించగలను, కానీ ఆ గీత కూడా నువ్వే సర్దావంటారు. ఎటు పడిందో రాసి పెట్టొద్దన్నది నువ్వే కదా. నన్ను వెంట తీసుకెళ్లి ఉన్నా, నువ్వు బరువు తీశావంతే అని ఇవాళ సాక్ష్యం చెప్పేవాణ్ణి."

కౌముది అప్పటిదాకా కుర్చీలోంచి కదల్లేదు. ఇప్పుడు లేచి తల్లి దగ్గరకొచ్చింది. మైకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, ఇవాళ నేను చెప్పడం ఆలస్యం, వాళ్లు పరిగెత్తారు. ఎప్పుడూ అలా జరగలేదు. నువ్వే చేశావు కదూ?"

"నీ అసలు వేగమే అదమ్మా. ఇన్నాళ్లూ నిన్ను ఆపారు. నేను ఆ బరువు తీశానంతే."

"ఎందుకు తీశావు? నన్ను ఆపుతున్నారని నీకు తెలుసా?"

"తెలీదు," అంది హైమావతి. "నీకు సాయం చేస్తున్నారనుకున్నాను. తీసేస్తే నువ్వు ఓడిపోతావని తీశాను."

సింహాచలం వేదిక మెట్ల దగ్గర నిలబడి ఇదంతా వింటున్నాడు. వినలేనట్టు తల పక్కకు తిప్పుకున్నాడు. రాజమల్లు కూడా అరవడం మానేసి చూస్తున్నాడు. కౌముది కళ్లలో నీళ్లు లేవు. అది హైమావతిని మరీ భయపెట్టింది.

"నువ్వు చెప్పింది నిజమైతే, నన్ను నువ్వు ఏనాడూ నమ్మలేదన్నమాట," అంది కౌముది నెమ్మదిగా. "నన్ను ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నావంటే, నేను ఏనాడూ గెలవలేదన్నమాట. ఏది నమ్మమంటావు?"

హైమావతి ఆలోచించలేదు. "మొదటిదే నమ్మమ్మా," అంది. "ఒట్టు. నిన్ను నేను నమ్మలేదు."

కౌముది ఆమెను చాలాసేపు చూసింది. ఆ చెప్పడంలో కూడా ఏదైనా ఎత్తు ఉందేమోనని కూతురి కళ్లు తన ముఖమంతా వెతకడం హైమావతికి స్పష్టంగా కనిపించింది.